జోడీ తప్పిన సగాలు

హలో… ఆ, నేనే. ఈ ఇంట్లో ఎత్తడానికి ఇంకెవరున్నారు?

ఎవరూ?…

ఓహో. నువ్వా.

బావా అనకు. ఆ వరుస మీ అక్కతోపాటే పోయింది. సంగతేమిటో చెప్పు.

…బాగానే ఉన్నా. బాగాలేదంటే వచ్చి నయం చేస్తావా?… మరి అడగడం దేనికి?

చేతులు ఖాళీ లేవు, ఇంజిన్ విప్పాను… ఏ ఇంజినేమిటి, నాకున్నది ఒక్క బండేగా! భోజనాల బల్ల మీద ఉంది… తినడమా? పొయ్యి దగ్గర నిలబడి తింటున్నా. అడిగేవాళ్ళెవరు?

కొత్త పిస్టన్ తెప్పించా. పాతదానికంటే లావు. బేరింగులు, ఆయిల్ పంపు, అన్నీ కొత్తవే. ఇవాళ మూసేస్తే రేపు కిక్కు కొట్టడమే… అవును, మీ అక్క పోయాక ఒక్కసారీ స్టార్టు చేయలేదు. ఇప్పుడెందుకంటే… ఇంట్లో చప్పుడు లేదు. అందుకు.

ఏమన్నావ్?… నువ్వూ విప్పావా నీ బండి? చోద్యం! నీ చేత్తోనే?… లేత్ షాపులో ఇచ్చావా. అదీ. స్పానర్ ఏ చివర పట్టుకోవాలో ఇంకా తెలిసిరాలేదన్నమాట.

ఊఁ… ఊఁ… బేరింగు కూర్చోవట్లేదా? వేడిచేసి పెట్టమను… పెట్టాడా? అయినా?

ఏమన్నాడూ? మళ్ళీ చెప్పు.

ఇంజిన్ పెట్టె రెండు సగాలూ జోడీ కాదన్నాడా! జోడీ వెతికి తెచ్చుకోమని తిప్పి పంపాడా? ఇంటికి మోసుకొచ్చావా?… ఉంటుంది, బరువుండదూ మరి!

ఇదిగో, నాకు పాఠం చెప్పకు. క్రాంక్ కేసు రెండు సగాలూ కంపెనీలో కలిపి బిగించి ఒకేసారి తొలుస్తారు. మొగుడూ పెళ్ళాల్లాంటివి కావు సర్దుకుపోవడానికి. కవలలు. ఒకదాని జోడీ ఇంకోదానికి నప్పి చావదు… ఆ, అందుకే రెండింటికీ ఒకే నంబరు గుద్దుతారు.

…నా నంబర్లు చూడాలా? దేనికి? నావి సరిగ్గానే ఉంటాయి… సరే సరే, బతిమాలకు. కళ్ళజోడు… ఫోను బల్ల మీద పెడుతున్నా. ఈలోగా వాగకు.

…

ఆ. కుడి సగం చివర నలభై ఎనిమిది. ఎడమ సగం… జిడ్డుంది, ఆగు… నలభై ఒకటి.

…

నీవేమిటి?

కుడిది నలభై ఒకటి… ఎడమది నలభై ఎనిమిది.

ఊఁ.

అంటే ఇన్నేళ్ళూ నీ సగం నా బండెక్కి ఊరేగింది! నా సగం నీ దగ్గర పడి ఏడ్చింది!

కేకలెయ్యకు. నాకూ గొంతుంది… ఎవరు కలిపారంటే, నువ్వే! రెండు బళ్ళూ ఒకే రోజు విప్పుదామన్నదెవరు? మా పెరట్లో ఒకే గోనెపట్టా మీద రెండింటి సామానూ పోసిందెవరు?… సరే, పట్టా నాది. పోసింది నువ్వు.

అందుకే కారింది ఆయిలు, చుక్కా చుక్కా. నీ కొత్తింటి నేల మీద మరక పడిందని పదిమందిలో ఏమన్నావు? "బావకీ, బావ బండికీ గుమ్మం బయటే చోటు" అన్నావా లేదా?… నవ్వులాటకా! నవ్వింది నువ్వొక్కడివే. నీ గడప తొక్కితే ఒట్టు అన్నాను. తొక్కలేదు. తీరా చూస్తే కారింది నీ సగం! నీ నేల నువ్వే పాడుచేసుకున్నావు.

…నా సగం కూడా నీ బండిలో కారిందా? మంచి పని చేసింది.

ఏమిటీ?… గొణుగుతావేం? గట్టిగా చెప్పు.

…అక్క కడిగిందా.

…ఆ. అవును. కిరసనాయిలు పళ్ళెంలో పెట్టి కడిగింది. మనిద్దరం ఒక్క నట్టు కోసం కొట్టుకుంటుంటే తుడిచి, గిన్నెలు సర్దినట్టు ఒకదాని పక్కన ఒకటి… "ఎవరివి వాళ్ళకి పెట్టాను, ఇక నోళ్ళు మూయండి" అంది. నంబర్లుంటాయని తనకేం తెలుసు? మనం చెప్పామా?

…

ఏయ్. మీ అక్కని ఒక్క మాటన్నావంటే… అనలేదా? అనబోయావు. ఊపిరి పీల్చావు, నాకు వినిపించింది.

ఇంతకాలం నిన్ను తిట్టుకుంటూ హాయిగా బతికాను. ఇప్పుడా దారీ మూసేశావు.

…

లేదు, ఉన్నాను.

ఇలాగే మూస్తే కొత్త పిస్టన్ దెబ్బకి బేరింగులు పగిలి చస్తాయి. నీదీ అంతే. నీ ఎడమది నాకివ్వు, నా ఎడమది నీకిస్తా… మా ఇంటికా? వద్దు. నీ గడప నేను తొక్కనప్పుడు నా గడప నీకెందుకు? లేత్ షాపుకి రా. అది ఎవరి అత్తారిల్లూ కాదు.

ఎలా వస్తానా? బండి బల్ల మీదుందిగా… నీదెక్కడుంది, గోనెసంచిలోనా? అయితే బస్సే ఇద్దరికీ.

…అదే బస్సు. మా స్టాపు దాటాకే మీ స్టాపు. వేరే దారి లేదు, నేనేం చేయను?

నువ్వు ముందు కూర్చో. నేను వెనక కూర్చుంటా… ఖాళీ ఉండదా? అంత ఇనుము మోస్తూ ఎంతసేపు నిలబడతావు, నీ నడుముతో?

…సరేలే. నా పక్క సీట్లో సంచి పెట్టి ఆపుతా. నువ్వు ఎక్కాక తీస్తా.

మాట్లాడాలని లేదు. కూర్చోవడం వరకే.

కిటికీ వైపు మాత్రం నాది… ఒప్పుకోకపోతే నిలబడే రా.

ఉంటా.