చప్పుడు చెయ్యని శాండ్‌విచ్

మధ్యాహ్నం. ముందు గదిలో కంటికి భూతద్దం తగిలించుకుని వాచీలు బాగుచేసే భర్త, వెనక వంటగదిలో ఆయన భార్య, ఆమెను చూడ్డానికి పొద్దున్నే వచ్చిన అక్క. మధ్యలో తలుపు ఉందిగానీ, దాన్ని వేసుకునే భాగ్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"అలా చింపకే అక్కా, ఆగు. ఇలా తే."

"చిప్స్ ప్యాకెట్టేగా. ఎలా చింపితే ఏం?"

"ఏం కాదు, ఆయనకి వినిపిస్తుంది. కుళాయి తిప్పుతాను, అప్పుడు కత్తెరతో కొయ్యి. తువ్వాలులో చుట్టి కొయ్యి. ఊఁ, ఇప్పుడు."

"దొంగతనానికి వచ్చినట్టుందే."

"నెమ్మది. నవ్వకు."

"నవ్వలేదు."

"నవ్వబోయావు. నీ మొహం నాకు తెలీదా."

"ఏమోయ్, కుళాయి."

"కట్టేస్తున్నానండీ. విన్నావా అక్కా, అంత సన్న ధారకే."

"కోపమొచ్చిందా మీ ఆయనకి?"

"ఆయనకి కోపం రాదు. అదే కదా నా ఖర్మ. కోప్పడితే నలుగురికీ చెప్పుకోవచ్చు. ఆయన బజారుకెళ్ళినప్పుడు అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. ఏమందో తెలుసా? తాగుతాడా అంది, లేదన్నాను. కొడతాడా అంది, లేదన్నాను. అడిగినవి తెస్తాడా అంది, తెస్తారన్నాను. ఇంకేం పోయేకాలమే నీకు, అంది."

"అమ్మ అంతే."

"వెన్న అందుకో. మెత్తగా ఉందా?"

"ఉంది."

"ఉండాలి. గట్టి వెన్నయితే బ్రెడ్ చిరిగిపోతుంది. రెండు ముక్కలకీ రాయి, అంచుల దాకా. వెన్న లేని చోట చిప్స్ నిలవవు, జారి ప్లేట్లో పడతాయి. పడితే టక్కుమంటుంది."

"దీనికింత తతంగమా?"

"మరి ఊరికే వచ్చిందా. దీన్ని కనిపెట్టింది నేను. పెళ్ళయిన కొత్తలో చిప్స్ తినాలనుందన్నాను. ఇంత పెద్ద ప్యాకెట్టు తెచ్చారు పాపం. ముందు గదిలో కూర్చుని ఒకటి కొరికాను, అంతే. చేతిలో పనిముట్టు కింద పెట్టి నా వంకే చూస్తూ కూర్చున్నారు. నోట్లో ముక్క నానేదాకా అలాగే ఉండి, మింగాను. అప్పుడన్నారు, తినాలనుంటే తిను, నా చెయ్యి అదరకుండా తిను, అని."

"అందుకని బ్రెడ్ మధ్యలో పెట్టావా."

"మెత్తటి బ్రెడ్. కాల్చకూడదు, కాలిస్తే అదే కరకరమంటుంది. మధ్యలో చిప్స్ పెట్టి కొరికామనుకో, చప్పుడు బయటికి రాదు. నోట్లోనే ఉండిపోతుంది. నీ చెవులకి మాత్రం ఊరేగింపు వెళ్తున్నట్టుంటుంది. ఆ కాసేపు..."

"ఆ కాసేపు?"

"ఏం లేదు. ఆ కాసేపు నేను బతికే ఉన్నాననిపిస్తుంది. పరచు, చిప్స్ పరచు. పల్చటివే ఏరు. గీతలున్నవి వద్దు, మొండివి అవి. ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కాలి. సందు ఉండకూడదు."

"ఇలాగా?"

"ఆఁ. పరుస్తూనే విను. తలెత్తకు. నువ్వు సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆయన ముందు తలుపు తాళం తీస్తారు కదా."

"ఊఁ."

"లోపలికి రాగానే తాళం వేసేశారు, చూశావుగా."

"చూశాను."

"తాళంచెవి చొక్కా జేబులోనే. ఒకసారి నేను తలుపు తీస్తే గాలికి ఏదో వాచీ తాలూకు చక్రాలు ఎగిరిపోయాయి. రోజంతా ఇద్దరం నేల మీద పాక్కుంటూ వెతికాం. అప్పట్నుంచీ తాళమే. వాచీలిచ్చేవాళ్ళు మెట్లెక్కి వచ్చి కిటికీలోంచే ఇచ్చి పోతారు. ఆయన బజారుకెళ్తే బయట తాళం."

"నువ్వు బయటికెళ్ళి ఎన్నాళ్ళయిందే?"

"వానలు మొదలవకముందు వెళ్ళాను. ఎక్కడికెళ్ళాలి చెప్పు, ఏం కావాలి చెప్పు, నేను తెస్తాగా అంటారు. నిజంగానే తెస్తారు. కాళ్ళు కదపాలని ఉందండీ అన్నాననుకో, దాన్ని ఎక్కణ్ణుంచి తెస్తారు?"

"అడిగావా అలా?"

"అడిగాను. చెప్పులు తెచ్చారు, ఇంట్లో వేసుకునేవి. చప్పుడు కానివి."

"అయ్యో పిచ్చిదానా."

"జాలి పడకు, పని చూడు. తలుపు తీసేది చుట్టాలొస్తేనే. నువ్వు తప్ప ఎవరొస్తారు? వచ్చేటప్పుడోసారి, వెళ్ళేటప్పుడోసారి. సాయంత్రం నువ్వు బయల్దేరగానే, అక్కని మెట్ల కింద దాకా దిగబెట్టి వస్తానండీ అంటాను. నీ ముందు కాదనరు. దిగుతాం. దిగి, నేను మళ్ళీ ఎక్కను."

"నెమ్మదిగా."

"నెమ్మదిగానే అంటున్నా. నీతో వచ్చేస్తాను అక్కా."

"ఈ చిప్స్‌లో ఉప్పు ఎక్కువుందేమో."

"అక్కా."

"కీరా ముక్కలేమన్నా పెడతావా మధ్యలో?"

"తడి తగిలితే మెత్తబడతాయి. నేను చెప్పింది విన్నావా, లేదా?"

"విన్నానే."

"మీ ఇంట్లో నాకింత చోటు లేదా?"

"చోటుకేం. బోలెడంత చోటు."

"బావగారు వద్దంటారా?"

"ఆయనా? ఆయనెందుకంటారు. దారిన పోయేవాళ్ళని పిలిచి భోజనం పెట్టే మనిషి."

"అదే మరి. మైకు బావ. ఊళ్ళో ఎక్కడ సభ జరిగినా ఆయన మైకులే, ఇంట్లో ఆయన గొంతే. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, ఓ పక్క స్పీకర్లు. కిందటిసారి ఫోన్ చేస్తే నీ మాటకన్నా వెనక నవ్వులే ఎక్కువ వినిపించాయి. నువ్వు పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాను. ఎంత కడుపుమంట వేసిందో తెలుసా."

"దేనికి నవ్వుతున్నారో వినిపించిందా నీకు?"

"లేదు. దేనికి?"

"ఏదో. మీ బావ జోకేశారు."

"చూశావా. ఆ ఇంట్లో ఒక మూల పడుంటాను. అంట్లు తోముతాను, ఊడుస్తాను, ధన్‌ధన్‌మని చీపురు కొడుతూ ఊడుస్తాను."

"రెండో ముక్క మూసెయ్యనా?"

"మూసి, అరచేత్తో ఒక్కసారే నొక్కు. మాటిమాటికీ నొక్కితే పొడయిపోతుంది. నెమ్మదిగా... అయ్యో, అంత బరువు కాదు."

"వదినగారూ."

"ఆఁ, చెప్పండి."

"ఏదో నలిగినట్టుంది."

"శాండ్‌విచ్ అండీ. నేనే నొక్కాను, నాకు చేతకాలేదు."

"పర్వాలేదు. కొత్త కదా, అలవాటవుతుంది."

"విన్నావా అక్కా? నా మొదటి రోజు కూడా అచ్చం ఇదే మాట."

"మర్యాదగానే అన్నారుగా."

"నువ్వు ఆయన వైపా?"

"ఎవరి వైపూ కాదే. గొంతు పెంచకుండా మాట్లాడితే వినడానికి బాగుంటుంది, అంతే. ఆ వెనక గదిలో ఎవరుంటారు?"

"ఎవరూ లేరు. ఆగిపోయిన గోడ గడియారాలు పడేసి ఉంటాయి. ఎందుకు?"

"ఊరికే. వీధి గోల వినపడుతుందా ఆ గదిలోకి?"

"సమాధిలా ఉంటుంది. ఏమీ వినపడదు."

"ఏమీ?"

"ఏమీ వినపడదు అంటుంటే. ఇంద, తిను. ఇప్పుడే తినాలి, ఉంచితే చిప్స్ మెత్తబడి అట్టముక్కలా అవుతుంది. పెదాలు మూసి నములు."

"ఊఁ."

"ఎలా ఉంది?"

"ఊఁ."

"మోగుతోందా చెవుల్లో?"

"మోగుతోంది. వెన్న, ఉప్పు, భలే కుదిరిందే."

"చెప్పానా. అదేంటి, ఏడుస్తున్నావా?"

"లేదే."

"కన్నీళ్ళు బ్రెడ్ మీద పడుతుంటే లేదంటావేంటి. నా గురించేనా? సాయంత్రానికి బయటపడిపోతానుగా. ఏడవకు."

"నీ గురించి కాదు. మొన్న మీ బావ ఒక పని చేశారు."

"ఏం చేశారు?"

"పని చేసుకుంటూ నాలో నేను మాట్లాడుకుంటాను కదా, చిన్నప్పట్నుంచీ."

"ఆఁ, గిన్నెలతో కూడా మాట్లాడతావు."

"డబ్బాల వెనక మైకు పెట్టారు. నాకు తెలీదు. స్పీకరు వీధిలో పెట్టారు. పొద్దున్నుంచి నేను అనుకున్నవన్నీ వీధంతా విన్నారు. అత్తగారి గురించి, నా మోకాళ్ళ గురించి, అన్నీ. చెత్త పారేద్దామని గుమ్మంలోకి వచ్చేసరికి... ఏంటే అది?"

"ఏం లేదు."

"నవ్వుతున్నావా?"

"లేదక్కా. అయ్యో, గిన్నెల్ని తిట్టింది కూడా విన్నారా? అమ్మో, ఆగలేకపోతున్నా."

"ఏమోయ్."

"అయిపోయిందండీ. నవ్వు కాదు, పొరబోయింది."

"నువ్వూ నవ్వావు."

"అక్కా, తప్పయిపోయింది. ఎన్నాళ్ళయిందో నవ్వి, దానంతటదే వచ్చేసింది. నీ మీద కాదు."

"అందరూ అదే అంటారు. నీ మీద కాదమ్మా అని. గుమ్మంలో అంతమంది పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు, ఆయన అందరికన్నా గట్టిగా. నువ్వు ఫోన్‌లో విన్నది అదే నవ్వు. అప్పట్నుంచి నేను ఏది మొదలుపెట్టినా ఎవరో ఒకరు మిగతాది పూర్తి చేసి నవ్వుతారు. మాట్లాడకుండా ఉంటే, ఏం మైకు పాడయిందా అంటారు. ఇల్లంతా నా మీద పడి నవ్వుతుంటే ఎక్కడ దాక్కోను?"

"నేను వస్తానుగా. నేనుంటే నిన్ను ఎవరూ ఏమీ అనరు. సాయంత్రం ఇద్దరం కలిసే వెళ్దాం, బావగారిని నేను అడుగుతాను. ఏ వేళకి బయల్దేరదాం? చెప్పు, చీర మార్చుకోవాలి."

"వదినగారూ, చెప్పడం మరిచాను. వెనక గదిలో గడియారాలు పక్కకి జరిపి మీకు పక్క వేశాను. మంచం కాస్త కిర్రుమంటుంది, చూసి పడుకోండి."

"అలాగేనండీ."

"పక్కేంటి? అక్కా, ఆయనేమంటున్నారు?"

"నిన్న ఫోన్ చేసి అడిగాను. మాట్లాడకుండా ఉంటానంటే ఎన్నాళ్ళయినా ఉండమన్నారు."

"ఎన్నాళ్ళయినానా? మరి సాయంత్రం తలుపు? నువ్వు వెళ్తేనే కదా తీసేది."

"నేను వెళ్ళనే."

"అక్కా, నేనేం చెప్పానో విన్నావా అసలు? ఇది ఇల్లు కాదే."

"విన్నాను. అంతా విన్నాను. కానీ పొద్దున నేను లోపలికి అడుగు పెట్టగానే మీ ఆయన వెనక తాళం వేశారు చూడు, అప్పటికిగానీ నా ప్రాణం కుదుటపడలేదే."