మోపలేని మడమ

సెలూన్ నడిపే ఆయన పొద్దున్నే మంచం దిగి, మునివేళ్ల మీద వంటింట్లోకి వచ్చాడు. భార్య పాలు కాస్తోంది.

"మనింట్లోనే దొంగలా ఆ నడకేంటండీ?"

"ఏం లేదులే. మడమలో మేకు దిగినట్టుంటోంది. కాసేపు తిరిగితే సర్దుకుంటుంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"చాన్నాళ్లయింది. డాక్టరు కోస్తానంటాడని భయం. షాపు అమ్మేద్దామనుకుంటున్నా. కూర్చుని గడ్డాలు గీయలేను కదా."

"ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టుంది! ఆమధ్య నాకూ ఇదే వచ్చింది."

"నీకా? చెప్పలేదే!"

"మీరు కంగారుపడతారని ఒక్కదాన్నే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చా. అరికాలి కింద పట్టీలాంటిది ఉంటుందట. గంటలకొద్దీ నిలబడితే, అరిగిపోయిన చెప్పులేసుకుంటే అది దెబ్బతింటుందట. కోతా లేదు, సూదీ లేదు. మెత్తటి చెప్పులు వేసుకుని, ఐసు పెట్టుకుని, రోజూ పిక్కలు సాగదీశా. మెల్లగా తగ్గిపోయింది."

"సాగదీయడమంటే?"

"రండి, గోడకి చేతులానించండి. నొప్పి కాలు వెనక్కి పెట్టండి. మడమ లేవకూడదు."

"అబ్బా, పిక్క లాగేస్తోందే!"

"లాగాలి మరి. పక్కకి జరగండి, నేనూ చేస్తా."

"ఎవరైనా చూస్తే మన గోడ కూలిపోతోందనుకుంటారు."

"అనుకోనివ్వండి. ఇద్దరం పట్టుకున్నాంగా, ఎలా కూలుతుంది?"