సముద్రాన్ని ఆపిన ఏడుపు

"నేను పెద్దగా చేసిందేం లేదబ్బా. కాస్త ఏడ్చినా, అంతే," అని గంగులయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

వాకాడు దగ్గర మా పల్లెలో, వేట ముగించి పడవలు ఒడ్డుకొచ్చాక అందరం చేరేది చెంచమ్మ టీ బంకు కాడే.

"మన హజరత్తయ్య కూతురు సుప్రియ ఉండాదే, సినిమా చదువు చదివే పిల్ల, కాలేజీలో చూపించేదానికి చిన్న సినిమా తీయాల. కూతురి మీద అలిగి మాటలు మానేసిన తండ్రి కథ. తండ్రి వేషం వేయాల్సిన మనిషి నెల్లూరు నుంచి రానే లేదు. పొద్దు వాలతా ఉండాది, ఆ పిల్ల ఇసకలో కూలబడి కళ్ళనీళ్ళు పెట్టుకునింది. నాకు మనసు తట్టుకోలా. లే అమ్మణ్ణీ, తండ్రే గదా కావాల్సింది, నేనుండా, అన్నా."

"నీకు నటించడం వచ్చా?" అన్నాడు పక్కనే వల బాగుచేసుకుంటున్న పెంచలకృష్ణ.

"రావడమేందబ్బా! కూతురి వేషం కట్టిన రేవతి అన్నం గిన్నెతో పడవ కాడికొస్తాది, నేను కోపంగా చూసి, ఆనక ఏడవాల. ఏడ్చినా. కెమెరా పట్టుకున్న వెంకటేష్ దాన్ని కింద పెట్టేసి, వాళ్ళ నాయనకు ఫోన్ చేసి, బాగుండావా నాయనా అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేపలు ఎండబెట్టుకునే ఆడోళ్ళంతా ఒకటే ఏడుపు, ఆ కన్నీళ్ళకు ఎండుచేపలన్నీ మళ్ళా పచ్చిచేపలైపోయినాయి."

"ఈదలేదా?" అంది చెంచమ్మ టీ వడపోస్తూ.

"ఒకటో రెండో ఈదుంటాయిలే అక్కా, నేను చూడలా, కళ్ళనిండా నీళ్ళు గదా! అప్పుడు సుప్రియ 'సైలెన్స్' అని ఒక్క అరుపు అరిచింది. జనం కాదబ్బా, సముద్రం ఆగింది! లేచిన అల లేచినట్టే నిలబడింది, దాంట్లో చేపలు అద్దాల బీరువాలో చీరల మాదిరి కనపడతా ఉండాయి. కృష్ణపట్నం పోయే ఓడ ఇంజను ఆపేసి నిలబడితే, దాని కెప్టెన్, యాడి దేశపోడో, పైకొచ్చి కళ్ళొత్తుకుంటా 'అయ్యో నాయనా' అన్నాడు."

"తెలుగులోనా?" అన్నాడు పెంచలకృష్ణ.

"దుఃఖమొస్తే ఎవురికైనా తెలుగే వస్తాదబ్బా! పులికాట్ సరస్సులో కొంగలన్నీ గౌరవంగా ఒంటికాలి మీద నిలబడినాయి. ఈ ఏడు ఆ నీళ్ళు అంత ఉప్పగా ఉండాయే, ఆ ఉప్పు యాడిదనుకున్నారు?"

"మామా," అని వెనక నుంచి వినిపించింది. సుప్రియ ఎప్పుడొచ్చిందో, స్తంభానికి ఆనుకొని వింటోంది. "షాట్‌కు ముందు ఏడ్చినావు, కట్ చెప్పినాక ఏడ్చినావు. కెమెరా తిరిగేటప్పుడు మాత్రం, రేవతి గిన్నె తెస్తా ఉంటే మొహం నిండా నవ్వే. ఎన్నిసార్లు తీసినా అంతే."

బంకు బంకంతా గొల్లుమంది. గంగులయ్య తల గోక్కున్నాడు.

"ఆడబిడ్డ అన్నం తెచ్చి ఎదురుగా నిలబడితే కోపం యాడొస్తాదమ్మణ్ణీ? నీ సినిమా పాడుచేసినానా?"

"లేదు మామా. ఆ నవ్వే ఉంచి, కథ మార్చుకున్నా. నిన్న మా నాయన ఆ సినిమాను ఫోన్‌లో చూసినాడు. నేను సినిమా చదువుకు పోయినాక ఆయన నాతో మాట్లాడిందే లేదు. ఈ పొద్దు పిలిచి మాట్లాడినాడు."

గంగులయ్య రొమ్ము విరుచుకున్నాడు. "విన్నార్రా! నా నటన చూసి ఏమన్నాడు హజరత్తయ్య?"

సుప్రియ నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

"'ఏమ్మా, పళ్ళికిలించే ఆ గంగులయ్య తప్ప నీకు ఇంకో తండ్రి దొరకలేదా?' అన్నాడు."