కుదురులేని మనిషి

"రాత్రి రెండింటికి మీ ఇంట్లో లైటెందుకు వెలుగుద్ది మామ్మగారూ?" అనా నువ్వడిగేది? చెప్తాను. రండి, అందరూ ఇలా చాప మీదకి జరగండి. కదలకుండా కూర్చోమని మాత్రం నేననను. ఎందుకో కూడా ఇందులోనే ఉంది.

నేను అమలాపురంలో నర్సుగా చేసేదాన్ని కదా, పెద్ద ఆపరేషన్లయినవాళ్ళని ఉంచే ఐసియూలో. పన్నెండేళ్ళూ నైట్ డ్యూటీయే. కాదు, పదమూడు, మా చిన్నాడు పుట్టిన ఏడు కలపలేదు. టీ రూపాయి అప్పుడు. ఫ్లాస్కు నిండా తెచ్చుకున్నా తాగే తీరికుండేది కాదు.

ఓ రోజు ఐ.పోలవరం వైపునుంచి సత్యం అని ఒకతన్ని తెచ్చేరు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపు తీసేవాడు. చెట్టు మీంచి పడి కడుపులో ప్లీహం చితికిపోతే, సాయంత్రం ఆపరేషన్ చేసి తీసేసేరు. అర్ధరాత్రి దాటేక మొదలెట్టేడు. దుప్పటి తన్నేసేవాడు, లేవబోయేవాడు, సెలైన్ సూది లాగబోయేవాడు. నాకా, ఇంకో ఇద్దరు పేషెంట్లు, కాలు ఒకచోట నిలవదు. మత్తు దిగేటప్పుడు కొందరింతేలే అనుకుని, బ్యాండేజీ గుడ్డతో రెండు చేతులూ మంచానికి కట్టేసేను. అప్పట్లో అందరం అలాగే కట్టేవాళ్ళం. బీపీ బానే ఉంది. లోపలేదన్నా కారితే బయటికొచ్చేలా కడుపులోంచి వేసిన గొట్టం కింద సీసాలో రక్తమూ లేదు. ఇంకేం భయం అనుకున్నాను.

తలుపు బయట వాళ్ళావిడ మంగ, అద్దంలోంచి చూస్తా నిలబడింది. మందుల చీటీ ఇవ్వడానికి వెళ్తే, ఎందుకు కట్టేసేరండీ అనడిగింది. మీ ఆయనకి కుదురు లేదమ్మా అన్నాను, కాస్త విసుగ్గానే.

"కందిరీగ కుట్టినా చెట్టు మీద కదలని మనిషండి," అంది. "లోపలేదో అయిపోతందండి. ఓసారి అడగండి."

చూసేరా, నేనా మనిషిని ఒక్కసారీ అడగలేదు. పడుకో, పడుకో అనడమే. వెళ్ళి చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమట. నాడి పరిగెడుతోంది. ఎలా ఉంది బాబూ అంటే, దాహం, ఊపిరాడట్లేదండి అన్నాడు. గొట్టం చూద్దును కదా, రక్తం గడ్డకట్టి మూసుకుపోయింది. సీసా ఖాళీగా ఉన్నది అందుకు. కారేదంతా లోపలే కారుతోంది.

డాక్టరు గారికి ఫోన్ చేసేను. బీపీ ఎంత అన్నారు. బానే ఉందండి అంటే, మరి నిద్రమందిచ్చి పడుకోబెట్టు అన్నారు. ఆయనకి ఎప్పుడూ ఎదురుచెప్పిందాన్ని కాదు.

"మీరొచ్చి చూసేదాకా ఇవ్వనండి," అన్నాను.

విసుక్కుంటూనే వచ్చేరు. పొట్ట మీద చెయ్యేసి చూసి, ఇంకో మాట లేకుండా థియేటర్ తెరవమన్నారు. లోపల రక్తనాళానికి వేసిన ముడి జారిపోయిందిట. గట్టి ఒళ్ళు కదా, బీపీ ఇంకా పడలేదు, అంతే.

బతికేడు. మళ్ళీ చెట్లూ ఎక్కేడని విన్నాను. నాకు మాత్రం, థియేటర్‌కి పంపేముందు కట్లు విప్పుతుంటే అతని మణికట్ల మీద కనపడిన ఎర్రటి చారలే గుర్తు. గోడ గడియారంలో అప్పుడు రెండు. ఇప్పటికీ ఆ వేళకి మెలకువొచ్చేస్తుంది. తాతగారు పక్క మీద దొర్లితే, ఏంటండీ అంటాను. దోమే, పడుకోవే అంటారు. అయినా లైటేసి, చెయ్యి పట్టుకుని చూస్తే గానీ...

ఏవే బుజ్జీ, ఇందాకట్నుంచి చాప పీకుతున్నావు, కుదురు లేదేంటి నీకు? అదిగో, మళ్ళీ నా నోరు అదే. ఏం కావాలమ్మా, చెప్పు. ఆకలా? ఆయ్, అదీ. లేవండర్రా, ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి.