గెలవనిచ్చిన ఆట

ఆసుపత్రి వరండాలో బల్ల మీద అన్నాచెల్లెళ్లు కూర్చున్నారు. అన్న పాస్టరు. లోపల మంచం మీద వాళ్ల నాన్న నిద్రపోతున్నాడు.

“నిన్న కూడా నాన్నని వరసగా ఓడించావట కదా, అన్నయ్యా? నర్సు చెప్పింది.”

“ఓడించాను.”

“చర్చిలో కనికరం గురించి గంటసేపు చెప్తావు. ఇక్కడ చావుబతుకుల్లో ఉన్న మనిషితో రమ్మీ ఆడుతూ, ఆయనకి కావలసిన ముక్క పట్టుకుని కూర్చుంటావా?”

“చిన్నప్పుడు ఆయన మనతో ఎలా ఆడేవాడో మర్చిపోయావా? నువ్వు ఏడ్చినా ఒక్క ముక్క వదిలేవాడు కాదు.”

“అప్పుడాయనకి ఒంట్లో బాగుంది. జబ్బు ముదిరిందని ఆయనకి చెప్పొద్దని మనమే అనుకున్నాం. ఉన్నన్నాళ్లూ ఒక్క ఆటైనా గెలిచి సంతోషపడనివ్వచ్చుగా?”

“ఇవాళ గెలవనిచ్చాను. చేతిలో జోకరు పెట్టుకుని మరీ ఓడిపోయాను.”

“నవ్వాడా?”

“లేదు. నా ముక్కలు తిరగేసి చూశాడు. ‘ఇక లాభం లేదన్నారా డాక్టర్లు?’ అని అడిగాడు.”

“అయ్యో! నువ్వేమన్నావు?”

“ప్రార్థన చేద్దామా నాన్నా అన్నాను. ‘ముందు ముక్కలు పంచు. ఈసారి జాలిపడ్డావో, ఊరుకోను’ అన్నాడు.”

చెల్లెలు లోపల మంచం వైపు చూసింది.

“పంచావా?”

“పంచాను. చిత్తుగా ఓడించాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, ‘ఇప్పుడు చెయ్యరా ప్రార్థన’ అన్నాడు.”