ఎడమ చేతి వెన్నముద్ద

రండి నాయనా, రండమ్మా, ఇట్లా ముందుకు జరిగి కూర్చోండి. వెనక గోడకు ఆనుకున్న పెద్దాయన కూడా కాస్త లేచి ఈ చాప మీదికి రావాలి. నా గొంతు పెద్దదే గానీ ఈ కథ అరిచి చెప్పేది కాదు, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేది. పెంచలకోన నరసింహస్వామిని ఒక్కసారి మనసులో తలుచుకోండి. తలుచుకున్నారా? ఇక వినండి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి. ఉదయగిరిలో కొండ కింద, నెల్లూరు బస్సు ఆగే చోట, రామసుబ్బమ్మ టీ అంగడి ఉండేది. సాయంత్రం ఎండ కోట గోడల మీదికెక్కి ఎర్రబడే వేళకు గొర్రెలు తోలుకొచ్చినవాళ్లు, కొయ్య గరిటెలు చెక్కి చెక్కి వేళ్లు నొప్పెట్టినవాళ్లు ఆ బల్లల మీద చేరేవాళ్లు. వాళ్లకు టీ ఎంత కావాలో మాలకొండయ్య కోతలూ అంతే కావాలి. మాలకొండయ్య గొర్రెలు మేపే మనిషి. ఒళ్లు సన్నం, మాట లావు. చెరువు దాటానని మొదలుపెడితే సముద్రం దాటి గానీ గ్లాసు కింద పెట్టడు.

ఆ రోజు బల్ల మీద కొత్త మనిషి ఉన్నాడు. మల్లికార్జునం శెట్టి. ఊళ్లో టోకు వ్యాపారం చేసే శెట్టి టీ అంగడికి రావడమే వింత. ఆయన మద్రాసు నుంచి సినిమా ప్రొజెక్టరు తెప్పించాడు. ఇంటి వెనక శెనక్కాయల కొట్టు ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, నాలుగు బల్లలు వేయించి, ఇంట్లోవాళ్లూ అయినవాళ్లూ కూర్చుని దేవుడి బొమ్మలు చూసేందుకు చిన్న సినిమా హాలు చేసుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం మొదటి ఆట. మిషను ఆడించేందుకు నెల్లూరు నుంచి మనిషి వస్తాడు. ఆ మనిషి పక్కన నిలబడి సాయం పట్టడానికి ఊళ్లో ఒకడు కావాలి.

ఆ మాట శెట్టి నోట్లోంచి రావడం, మాలకొండయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టేయడం ఒక్కసారే జరిగాయి.

ఎందుకంటే, నాయనా, మాలకొండయ్యకు బతుకులో ఒకే కోరిక. ఎప్పుడో ఆత్మకూరులో ఒకసారి బొమ్మ చూసినప్పటినుంచి, గొర్రెల వెనక నడుస్తూ నడుస్తూ ఉంటే ఎండలో అతనికి ఒక వెలుగు కనపడేది. చీకట్లో మిషను నుంచి పాలధారలాగా బయల్దేరే వెలుగు. నిద్రలో కూడా అదే. ఆ వెలుగు పుట్టేచోట, దాని పక్కన, ఒక్కసారి నిలబడాలి. ఇంతే కోరిక. అన్ని కోతలు కోసే మనిషి ఈ ఒక్క మాట మాత్రం ఎవరితోనూ అనలేదు. అనాలంటే సిగ్గు.

"ఆ పని నాకిడిసిపెట్టండి శెట్టిగారూ," అన్నాడు. "ఆత్మకూరులో జనార్దనయ్య శెట్టిగారింట్లో మిషను నిలబెట్టింది ఎవురనుకున్నారు?"

"నువ్వా?" అన్నాడు పక్కనున్న పెంచలనరసయ్య. గరిటెలు చెక్కే మనిషి, మాట కూడా చెక్కి చెక్కి చిన్నది చేసి వదులుతాడు.

"నేనే! స్వతంత్రం వచ్చిన మరుసటేడు. పెట్టె బస్సు మీద వచ్చిందా, దించేదానికి ఎవురూ ముందుకు రాలా, లోపల అద్దాలుండాయి, పగిలితే ఎవురు చెప్పుకుంటారని. నేను గొంగళి మడిచి నెత్తిన పెట్టుకోని, దాని మీద పెట్టె పెట్టుకోని, నిండు కడవ మాదిరి తొణక్కుండా నడిమింటికి చేర్చినా. బల్ల మీద పెడితే అది కుంటి బల్ల, ఊగతా ఉండాది. నా మొలలో ఉదయగిరి గరిటె ఒకటుండె, దాన్ని బల్లకాలి కింద దోపినా. అంతే, కదిల్తే ఒట్టు!"

"ఎవురు చెక్కిన గరిటె?"

"నువ్వు చెక్కిందేలే."

దాంతో పెంచలనరసయ్య తృప్తిగా టీ ఊదుకున్నాడు.

"ఇంక తెర. శెట్టిగారింట్లో ఉండే తెల్లగుడ్డంతా కలిపి కుట్టించి, గంజి పెట్టించి, నడిమింటికి అడ్డంగా నేనే బిగించినా. ఎంత బిగించినానంటే, ఒక ఈగ వచ్చి వాలింది చూడండి, వాలినట్టే వాలి, టంగుమని ఎగిరి పోయి జలదంకిలో పడింది."

"జలదంకిలో పడిందని నీకెవరు చెప్పినారబ్బయా?" పొయ్యి దగ్గరనుంచి రామసుబ్బమ్మ అడిగింది.

"మా మామది ఆ ఊరే గదక్కా. చూస్తానే ఆత్మకూరు ఈగని గుర్తుపట్టినాడంట."

బల్లలు కదిలేలా నవ్వారు. శెట్టి మీసం కింద కూడా ఏదో కదిలింది. మాలకొండయ్య అది చూశాడు. ఇక ఆగుతాడా?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీలకు మా గొర్రెబొచ్చు గొంగళ్లు కట్టినా. బయట మిట్టమధ్యాన్నం, లోపల అమాస. అంతా సిద్ధమయ్యేటప్పటికి కరెంటిచ్చే ఆయిలింజను దగ్గి దగ్గి పండుకునింది. శెట్టిగారు తల పట్టుకున్నాడు. నేనేం చేసినా? మందలోంచి రెండు పొట్టేళ్లను పట్టుకొచ్చి డైనమోకు కట్టినా. పొట్టేళ్లు తిరగతా ఉంటే బొమ్మ ఆడతా ఉండాది. అవి పరిగెత్తితే తెర మీద రథాలు పరిగెత్తినాయి. అవి అడుగు తగ్గిస్తే రాజు నోట్లో మాట సాగి సాగి పోయింది. ఇంతలో యుద్ధం. బాణం ఇడిసినాడు. సరిగ్గా అప్పుడే నా పొట్టేళ్లు పెరట్లో అవిసాకు చూసి నిలబడిపోయినాయి. బాణం గాల్లో ఉండాది. తూనీగ మాదిరి మెల్లింగా, మెల్లింగా పోతా ఉండాది. జనం లేచి ఇళ్లకు పోయి అన్నాలు తినొచ్చి కూర్చున్నారు, అది ఇంకా పోతానే ఉండాది. కొట్టించుకోవాల్సిన రాక్షసుడు గూడా నిలబడి నిలబడి కాళ్లు పీకి, ఒక రాయి చూసుకోని కూర్చున్నాడు."

"పాపం," అన్నాడు పెంచలనరసయ్య.

"నేనూ అదే అనుకున్నా."

ఇంతలో ఎండ కోట మీది నుంచి జారిపోయింది. కొండ నీలంగా అయిపోయి దగ్గరికి జరిగినట్టుంది. దూరంగా మందలు దొడ్లకు చేరుతున్న మువ్వల చప్పుడు. మాలకొండయ్య గొంతు తగ్గింది. కోతల కోసం ఎత్తిన గొంతు కాదది, గొర్రెల వెనక ఒంటరిగా నడిచేటప్పుడు తనతో తాను మాట్లాడుకునే గొంతు.

"ఆ తర్వాత బృందావనం వచ్చింది శెట్టిగారూ. ఎంత పచ్చన! మన మెట్టల్లో నాలుగు చినుకులకు పొడిచి ఎండిపోయే పచ్చన కాదది."

"నలుపూ తెలుపూ బొమ్మలో పచ్చనెట్ట కనపడిందిరా?" అన్నాడు పెంచలనరసయ్య.

"ఎండలో గొర్లు మేపినోడికి గడ్డి ఏ రంగులో ఉన్నా పచ్చగానే కనపడతాదిలే. నా గొర్లు వాకిట్లో ఉండాయి గదా, తలుపు సందులోంచి ఆ గడ్డిని చూసినాయి. ఒకదాని ఎనక ఒకటి లోపలికొచ్చి, జనం మధ్యలోంచి నడిచి, తెరలోకి పోయినాయి. గుడ్డ చిరగలా. నీళ్లలోకి దిగినట్టు దిగిపోయినాయి. మందను ఇడిసిపెట్టి నేనెట్ట ఉంటా? నేనూ పోయినా. లోపల ఎంత చల్లగా ఉండాదో! పగలే వెన్నెల. గాలికి మీగడ వాసన. ఏటి గట్టున పిల్లనగ్రోవి వినపడతా ఉంటే నా గొర్లు మేత మరిచి తలలెత్తి నిలబడినాయి. అప్పుడు సామి నా కాడికొచ్చినాడు. 'ఎండన పడి వచ్చినావా మాలకొండయ్యా' అన్నాడు. చెట్టు కింద కూర్చోబెట్టినాడు. ఉట్టి మీది కుండ దించి వెన్నముద్ద తీసి, ఎడంచేత్తో నా దోసిట్లో పెట్టినాడు."

పెంచలనరసయ్య ఆగలేకపోయాడు. "ఎడంచేత్తోనా? సామి ఎవురికైనా ఎడంచేత్తో పెడతాడంటరా?"

"పెట్టినాడు. నేను చూసినాగా! బొమ్మంతా ఆయన వెన్న తినింది ఎడంచేత్తోనే, దీవించింది ఎడంచేత్తోనే. దేవుడికి కుడేంది, ఎడమేంది?"

పొయ్యి దగ్గర టీ వడకడుతున్న రామసుబ్బమ్మ చెయ్యి ఆగింది. వడకట్టే గుడ్డలోంచి చుక్కలు పడుతున్నాయి. ఆమె మాలకొండయ్యనే చూస్తోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీకి కట్టిన గొంగళి ఒక కొస గాలికి లేచింది. ఆ సందులోంచి మిషను వెలుగు తప్పించుకునింది. ఆత్మకూరు మిద్దెల మీదుగా, చేల మీదుగా, ఇంతదూరం వచ్చి ఈ కొండ మీద పడింది. ఎండ సిగ్గుపడి తప్పుకునింది. కూలిన కోట గోడలు వెలుగులో లేచి నిలబడినాయి. వాటి మధ్యలో కొండంత సామి! మబ్బులు ఆయన మోకాళ్ల కాడ ఉండాయి."

"మేమంతా ఈ ఊళ్లోనే ఉండాం గదరా! మాకు కనపడలేదే?" అన్నాడు పెంచలనరసయ్య.

"మీరు కొండ కిందనే ఉంటిరి. మెడలెత్తి చూస్తే గదా!"

ఈసారి శెట్టి పైకే నవ్వాడు. మాలకొండయ్య తన కుడిచెయ్యి చాపి ఆయన ముందు పెట్టాడు. "ఆ వెలుగును పట్టి ఆడించింది ఈ చెయ్యే శెట్టిగారూ. మిషను మీద నుంచి తియ్యనే లేదు."

శెట్టి కండువా సర్దుకున్నాడు. "సరే మాలకొండయ్యా, రేపు మధ్యాన్నం..."

"ఒక్క నిమిషం శెట్టిగారూ." రామసుబ్బమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చింది. "అబ్బయా, బొమ్మ ఆడినంతసేపూ నువ్వు మిషను కాడే ఉంటివా?"

"మరి యాడుంటా?"

"సామి ఎడంచేత్తో దీవించింది చూస్తివా?"

"నా కళ్లతో!"

"ఆత్మకూరు నా పుట్టిల్లు. జనార్దనయ్య శెట్టిగారింట్లో వంట చేసింది మా అమ్మే. ఆ బొమ్మ నేనూ చూసినా. తెర నడిమింట్లో కట్టినారు. ముందర పక్క మిషను, మొగోళ్లు. వంటింటి పక్క, తెరకు ఎనకాల, ఆడోళ్లం. గుడ్డకు అవతలనుంచి చూస్తే బొమ్మ తిరగబడి కనపడతాది. ముందర ఉన్నోళ్లకు సామి కుడిచేత్తోనే దీవించినాడు. ఎనకుండే మాకు ఎడంచెయ్యి కనపడింది. అపచారమని మా అమ్మ లెంపలు గూడా వేసుకునింది. మిషను కాడ నిలబడినోడివి, నీకు ఎడంచెయ్యి ఎట్ట కనపడిందబ్బయా?"

పెంచలనరసయ్య తొడ చరిచాడు. "ఆడోళ్లలో కూర్చోని చూసినాడ్రోయ్!" అంగడంతా నవ్వు. ఒకడు ఈగలాగా టంగుమని ఎగిరి చూపించాడు.

మాలకొండయ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎన్నేళ్లుగానో కళ్లముందు ఆడుతున్న ఆ పాలధార వెలుగు ఎవరో స్విచ్చి ఆపినట్టు ఆరిపోయింది. కర్ర తీసుకుని లేచాడు.

"కూర్చో," అంది రామసుబ్బమ్మ. "నేను చెప్పడం ఇంకా కాలే. ఎవుర్రా కూర్చున్నాడనింది? ఆ అబ్బయ్య కూర్చోలా, నిలబడినాడు."

నవ్వు తగ్గింది.

"గొంగళ్లు కట్టేదానికి వచ్చినాడు. ఆ చీకట్లో ఎవురో తెలియలా నాకు, ఇప్పుడు ఎడంచెయ్యి అన్నాకే తెలిసింది. ఆట మొదలవతానే వంటింటి పక్క మేకు ఊడొచ్చింది. తెర జారిపోతా ఉంటే ఆ కొస పట్టుకోని ముక్కాలిపీట ఎక్కినాడు. జనార్దనయ్య శెట్టిగారి తల్లి ఆదిలక్ష్మమ్మవ్వ కళ్లకు అప్పటికే పొర కమ్మతా ఉండాది. చూపు పూర్తిగా పోకముందే సామిని చూపించాలని ఆయమ్మ కోసరమే కొడుకు మిషను తెప్పించినాడు. అవ్వ తెరకు జానెడు దూరంలో కూర్చోనుండాది. ఆట ఆపి మేకు కొడదామని ఎవురో అంటే, ఈ అబ్బయ్య వద్దని తలాడించినాడు. 'అవ్వ చూస్తా ఉండాది, ఆపబాకండి' అన్నాడు. బొమ్మ అయిపోయేదాకా చెయ్యి దించలా. పీట ఊగతా ఉండాది గానీ గుడ్డ ఊగలా. ఆఖర్న సామి దీవిస్తా ఉంటే అవ్వ చెయ్యి చాపి గుడ్డ మీద ఆయన పాదాలు తాకింది. ఆయమ్మ వేళ్లన్నీ వెలుగు. 'చూసినా తండ్రీ, చూసినా' అనింది. నేను సామిని చూడ్డం మానేసి ఆయమ్మ మొగమే చూస్తా ఉండిపోయినా."

పెంచలనరసయ్య బల్ల మీద పక్కకు జరిగి మాలకొండయ్యకు చోటిచ్చాడు.

"ఇన్నేళ్లలో ఈ సంగతి ఒక్కసారైనా చెప్పలేదేందిరా?" అన్నాడు శెట్టి.

మాలకొండయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఏముండాది శెట్టిగారూ చెప్పేదానికి? గుడ్డ ఎవురైనా పట్టుకుంటారు."

శెట్టి టీ చివరి గుక్క తాగి గ్లాసు బోర్లించాడు. "రేపు తెర నువ్వే బిగించు. ఈసారి మేకులు గట్టిగా కొట్టు. కొట్టినాక ఎనక పక్క ఉండబాక. మిషను పక్కకొచ్చి నిలబడు. సామి కుడిచెయ్యి గూడా చూద్దువు గానీ."

మాలకొండయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. అతనికి మాట రాకపోవడం ఉదయగిరి చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు నెల్లూరు మనిషి స్విచ్చి వేశాడు. మాలకొండయ్య మోచేతి పక్కనే వెలుగు పుట్టింది. అందులో సున్నపు ధూళి బంగారు నలుసుల్లాగా తేలుతోంది. తెర ముడత లేకుండా నిలబడింది. స్వామి చిరునవ్వుతో కుడిచెయ్యి ఎత్తాడు. చీకట్లో మాలకొండయ్య, తనకు తెలియకుండానే, దోసిలి పట్టాడు.

ఇంతే నాయనా కథ. ఈగను మరిచిపోండి, పొట్టేళ్లను మరిచిపోండి, ఆ బాణం ఎక్కడ దిగిందని అడగబాకండి, అది ఇంకా పోతూనే ఉంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. కళ్లు మసకబారిన ఒక అవ్వ స్వామిని చూసుకునేదాకా ఒక మనిషి ఊగే పీట మీద నిలబడి గుడ్డ కొస వదల్లేదు. ఇంటికి పోయి పిల్లలకు ఇది చెప్పండి, రేపు పొరుగువాళ్లకు చెప్పండి. ఉన్నది ఉన్నట్టే చెప్పండి, ఒక్క పోగు కూడా సాగదీయొద్దు. సాగదీసే పనికి మాలకొండయ్య ఉండనే ఉన్నాడు.