తాడు చివర ముడి

లోయ గొంతులో నాలుగంతస్తుల జలపాతం. పైన మంచమంత రాతిగట్టు మీద బావ, కింద మడుగు ఒడ్డున బామ్మర్ది. రాతికి బిగించిన ఇనుప రింగులోంచి తాడు రెండు పేటలుగా కిందికి వేలాడుతోంది. ఇద్దరూ దిగాక కింద నిలబడి ఒక పేట లాగితే, రెండోది పైకి పోయి రింగు దాటి, తాడంతా కింద పడుతుంది. అలా ప్రతి జలపాతం దగ్గరా తాడు వెనక్కి తీసుకుంటూ కిందికి పోవడమే వీళ్ళ పని. పై జలపాతం దగ్గర తాడు ఇందాకే లాగేశారు కనక బావకిక వెనక్కి దారి లేదు. ముందు దిగినవాడు నాలుగు బారలు లాగి, తాడు ఎక్కడా పట్టెయ్యడం లేదని పైవాడికి చూపించి ఆపడం ఆనవాయితీ. పెదవి చిట్లి, పక్కటెముకలు పట్టుకుని చూస్తున్న పిచ్చి మారాజు బావ, ఇవాళ కూడా ఆ ఆనవాయితీనే నమ్ముకున్నాడు.

"చాల్లేరా, నాలుగు బారలు చాలు. తాడు బాగానే కదులుతోంది. వదులు, దిగుతాను."

"దిగుదువుగానిలే బావా. తొందరేముంది."

"ఒరేయ్, చాలన్నానా? రెండో చివర సగం పైకొచ్చేసింది."

"వస్తుంది మరి. లాగుతుంటే రాదా?"

"నీ వేళాకోళానికి వేళాపాళా లేదా? వదులు. ముందు వదులు."

"చివర నీ దగ్గరికొచ్చాక ఆ పేట పట్టుకున్నావా? గట్టిగా పట్టుకో. రెండు చేతులా పట్టుకో. నేను ఒళ్ళంతా వేసి వేలాడుతున్నాను. నువ్వు వదిలావంటే చివర రింగు దాటేస్తుంది, తాడు నా కాళ్ళ దగ్గర పడుతుంది. ఇక నువ్వూ, ఆ గట్టూ, వెనకాల నీళ్ళూ."

"పైన కొట్టింది చాల్లేదా? పెదవి చీల్చావు. పక్కలో తన్నావు. ఎందుకురా అని అడిగానా?"

"అదే. ఎందుకు అడగలేదు?"

"మీ అన్న పోయి ఇవాళ్టికి ఏడాది. వాడు పోయిన చోటికే రింగు మార్చడానికొచ్చాం. బాధలో ఉన్నావు, చెయ్యి చేసుకున్నావు, పోనీలే అనుకున్నాను."

"పోనీలే అనుకున్నావా? ఇదిగో, ఇంకో జానెడు. ఇదీ పోనీలే అనుకో."

"అబ్బా. ఆగరా. గ్లౌజు చిరిగింది, చర్మం లేచొస్తోంది."

"రానీ. తాడుకి ముడేసి ఆపుదామని చూస్తున్నావేమో, అంత సందు ఇవ్వను. ఇప్పుడు చెప్పు. పోయినేడాది ఇక్కడే, ఇదే గోడ మీద, తాడు ఎందుకు ఇరుక్కుంది?"

"నువ్వూ ఉన్నావుగా ఆ రోజు. ముగ్గురం దిగాక తాడు లాగుతుంటే రాతి సందులో పట్టేసింది. నేను వద్దన్నా వినకుండా మీ అన్న ఆ తాడే పట్టుకుని పైకెక్కాడు. సగం ఎక్కాక ఊడొచ్చింది. పోలీసులకి చెప్పాను, మీ అమ్మకి చెప్పాను, మీ అక్కకి చెప్పాను. ఇంకెన్నిసార్లు చెప్పమంటావు?"

"ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా చెబుతావు. అక్షరం పొల్లు పోదు. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు."

"జరిగిందే అది."

"అన్నయ్య హెల్మెట్ కెమెరా దొరికింది."





"ఎక్కడ దొరికింది?"

"కింద మడుగులో. నీళ్ళు తగ్గినప్పుడు ఈతకొచ్చినవాళ్ళకి బురదలో దొరికితే తెచ్చి మన ట్రెక్కింగ్ షాపులో ఇచ్చారు. పైనంతా పాచి పట్టింది గానీ లోపల కార్డు బాగానే ఉంది."

"చూశావా?"

"చూశాను."

"ఎక్కడిదాకా చూశావు?"

"చాలినంత."

"చాలినంత అంటే? మొదట్నించీ చూశావా, పడ్డప్పట్నించా? సరిగ్గా చెప్పు."

"ఎంత కంగారు బావా నీకు. పడ్డాక కూడా కెమెరా ఆగలేదు. అన్నయ్య తల పక్కకి వాలిపోయి ఉంది. అద్దం మీద నెత్తురు. ఆ నెత్తుట్లోంచి నువ్వు కనిపిస్తావు. నేను సాయం కోసం కిందికి పరిగెత్తాను, గుర్తుందా? నేను వెళ్ళగానే ఏం చేశావు?"

"నాడి చూశాను. లేదు. మీ అన్న కళ్ళు మూశాను."

"ఆ తర్వాత."

"గుర్తులేదు."

"గుర్తు చేస్తా. ఇంద."

"అమ్మా. వద్దు, వద్దురా, ఎముక కనిపిస్తోంది."

"కనిపించనీ. మా అన్న పుర్రె కనిపించింది నాకు. ఏం చేశావో చెప్పు."

"గుర్తులేదన్నాను కదా."

"పడిన తాడు చివర వెతికావు. దానికి ముడి ఉంది. దిగేవాడు చివర దాటి జారిపోకుండా వేసే ముడి. లాగే ముందు విప్పి తీరాల్సిన ముడి. శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళకి రాకపోతే పళ్ళతో పీకి మరీ విప్పావు. రాతి సందు ఎక్కడిది బావా? ముడితో సహా చివర పైకెళ్ళి రింగులో ఇరుక్కుంది. అన్నయ్య బరువు పడి పడి, ఆ ముడి నలిగి సన్నబడి రింగులోంచి జారింది."

"ఇంత తెలిసినవాడివి నన్నెందుకు చంపుతున్నావు?"

"ముడి విప్పకుండా లాగింది ఎవరు?"

"అరవకు. పైనుంచి రాళ్ళు రాలుతున్నాయి."

"రాలనీ. ఎవరు?"

"పోయినవాడు పోయాడు. ఎవరో తెలిస్తే లేచొస్తాడా?"

"ఈ ముక్కే అక్కతో అనలేకపోయావా? ఏడాదిగా నీ ఇంట్లో నీకు పలకరింపు లేదు. అన్నం పెట్టి అవతలికి పోతుంది. అమ్మ అందరి ముందూ నీ మొహాన అంది, నా కొడుకుని మింగావని. తలొంచుకున్నావు. గైడు లైసెన్సు పీకేశారు. సరే అన్నావు. ఒక్కసారి, ఒక్కసారైనా నోరెత్తావా?"

"ముందు నడిచిందే నేను. జరగరానిది జరిగితే నన్ను కాక ఎవర్నంటారు?"

"నీ పెద్దరికం ఎవడిక్కావాలి? నాకు పేరు కావాలి."

"ఒరేయ్, నీళ్ళ రంగు చూడు. ఎర్రబడింది. ఎగువన వాన పడుంటుంది. నాకు మోకాళ్ళ దాకా వచ్చేసింది. నువ్వు ఆ ఒడ్డు మీంచి ముందు పక్కకి జరుగు."

"నా సంగతి నీకెందుకు?"

"మీ అమ్మకి ఇంకెంతమంది కొడుకులున్నార్రా?"

"ఆ మాట అనకు. అన్నావంటే ఇప్పుడే లాగేస్తాను."

"సరే, అనను. అనను. పక్కకి జరుగు."

"నీకు ప్రాణం మీద ఆశ లేదా బావా? ఒక్క పేరు. చెబితే వదిలేస్తాను. చివర రింగుకి రెండు జానల్లో ఉంది. కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"నీ నెత్తురు తాడు వెంట కారి నా మోచేతుల దాకా వచ్చింది. ఎంతసేపు పట్టుకుంటావు?"

"పట్టుకున్నంతసేపు."

"మొండివాడివి. ఎవరి కోసం బావా ఈ మొండితనం?"

"నడుము దాకా వచ్చాయిరా నీళ్ళు. నిలబడలేకపోతున్నాను."

"పేరు."

"నేనే."

"వినపడలేదు."

"నేనేరా. ముడి విప్పడం మర్చిపోయి లాగింది నేనే. మీ అన్నని చంపింది నేను. బయటపడితే తల తీసేస్తారని ముడి విప్పేశాను. చాలా?"

"ఒట్టు?"

"ఒట్టు."

"దేని మీద?"

"మీ అక్క మీద ఒట్టు. వదలరా ఇక."

"ఎంత తేలిగ్గా వేశావు బావా ఒట్టు."

"అడిగింది చెప్పాను. ఇంకేం కావాలి నీకు?"

"వదిలేశాను. తాడు వదులైంది, చూడు. రెండో పేట కిందికి దింపు. ఇంకా. ఇంకా. ఆ, నా చేతికందింది. ఇక తగిలించుకుని దిగు. కుడిచెయ్యి నమ్ముకోకు, బరువంతా బెల్టు మీద వెయ్యి. నేను కింద పట్టుకుంటాను, జారితే ఆపుతాను."

"దిగాక పోలీసుల దగ్గరికేనా?"

"ముందు దిగు."

"వస్తాలే. నువ్వెక్కడికంటే అక్కడికి వస్తాను. కానీ ఆ కార్డు ఏదీ?"

"పొద్దున్న బయల్దేరేముందు మీ డైనింగ్ టేబుల్ మీద పెట్టాను, అక్క చూస్తుందని. ఈపాటికి చూసే ఉంటుంది."

"ఎంత పని చేశావురా. ఎందుకు పెట్టావు? పోనీ, పడ్డ తర్వాతి ముక్క ఒక్కటే ఉందా అందులో? అదొక్కటేనా?"

"మొత్తం ఉంది. అన్నయ్య ఎక్కేముందు నీ చెవిలో చెప్పింది కూడా ఉంది, 'మన చిన్నోడు ముడి విప్పకుండా లాగేశాడు, నేనెక్కి తీసేస్తాను, వాడికి మాత్రం తెలియనీకు, తట్టుకోలేడు' అని. ఆ పక్కనే పిచ్చివాడిలా తాడు లాగుతున్న ఎర్ర గ్లౌజులు ఇప్పుడు నా చేతికున్నవే. పైన తన్నినప్పుడైనా తిరగబడి అంటావనుకున్నాను, చేతులు చీలినప్పుడైనా, ప్రాణం పోతుందన్నప్పుడైనా నా పేరు చెబుతావనుకున్నాను. హెల్మెట్ తీసేసి నిలబడ్డాను బావా, దిగొచ్చి నన్ను కొట్టు."